దాచుకున్న తన్ను

శ్రీశైలం ఎడమకాలు మొట్టమొదట తన్నింది వాళ్ల అత్త ముత్తమ్మను. పాపం, ఆమె చేసిన తప్పేమీ లేదు. నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి, అరచేతిలో పోసుకొని, అల్లుడి అరికాలికి రాయబోయింది. రెండు నెలలుగా మంచం మీద మొద్దులా పడి ఉన్న ఆ కాలు ఉన్నట్టుండి ముడుచుకొని, మళ్లీ చాచుకొని, ఆమె దవడకు ఫటీమని తగిలింది. ముత్తమ్మ ఒక పక్కకు, నూనె గిన్నె ఒక పక్కకు పడ్డాయి. లేచి కూర్చున్నాక ఆమె ఏడ్చింది. నొప్పికి కాదు, సంతోషానికి. "కాలుకు పానం అచ్చింది బిడ్డా" అని గడపలో బీడీలు చుడుతున్న కూతురు ఉమారాణిని పిలిచింది.

కోరుట్లలో ఆ వాడకట్టు వాడకట్టంతా వచ్చి ఆ కాలును చూసి పోయింది. తన్నడం ఒక్కటే కాదు, పాదాన్ని నేలకు ఆనిస్తే చాలు, మడమ టకటకా కొట్టుకునేది. మోకాలి మీద చెయ్యి వేసి గట్టిగా అదిమితే తప్ప ఆగేది కాదు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. ఇరవై ఏళ్లు సాంచాల మధ్య నిలబడ్డ కాలు కదా, ఇంకా సాంచ నడుపుతున్నదని ముత్తమ్మ మురిసిపోయింది. దిష్టి తగలకుండా బొటనవేలికి నల్లదారం కూడా కట్టింది.

శ్రీశైలానికి మాత్రం ఆ తన్నులో వేరే సంగతి కనిపించింది. అల్లుడు అత్తను కాలితో తంతే ఊరు ఊరుకుంటుందా? పెద్దమనుషులు కూర్చోరా? ఇక్కడ ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. నరాల జబ్బు, ఆయనేం చేస్తడు అన్నారు. ఆ మాట విన్నప్పుడే అతని కళ్ల ముందు పరశురాములు మొహం మెదిలింది.

పరశురాములు ఎవరో చెప్పాలి కదా. సిరిసిల్లలో ఇద్దరూ ఒకే కార్ఖానాలో పదేళ్లు పక్కపక్క సాంచాల మీద పనిచేశారు. శ్రీశైలం కంటే ఐదేళ్లు పెద్ద. అన్నా అంటే తమ్మీ అనుకునేవాళ్లు, ఒకరి టిఫిన్ గిన్నెలో ఒకరు చెయ్యి పెట్టేవాళ్లు. భీము మొయ్యాల్సి వచ్చినప్పుడు ఇద్దరూ జతగా మోసేవాళ్లు. భీమంటే పడుగు నూలు చుట్టిన పెద్ద ఇనుప దుంగ, క్వింటాలు పైమాటే. చెరో కొస పట్టుకొని ఎత్తి, సాంచ వెనకాల దాని చోట్లో కూర్చోబెట్టాలి. ఒకడి చెయ్యి జారితే రెండోవాడి పని అయిపోయినట్టే. అందుకే నమ్మినవాడితో తప్ప ఎవరూ భీము ఎత్తరు.

ఆ రోజు చైత్రమాసం ఎండ. మిగతావాళ్లు అన్నానికి పోయారు. శ్రీశైలం మెడలో హనుమాన్ మాల ఉంది. కొండగట్టు అంజన్నకు మొక్కుకొని వేసుకున్న మాల, అప్పటికి పంతొమ్మిదో రోజు. మాల వెయ్యకముందు అతను కల్లు తాగేవాడు, ఆ మాట దాచేదేం లేదు. కానీ మాల పడ్డాక చుక్క ముట్టలేదు. తాగింది పరశురాములు. మిట్టమధ్యాహ్నమే గుప్పున వాసన కొడుతున్నాడు. అందరూ వచ్చాక ఎత్తుదామన్నా అని శ్రీశైలం అన్నాడు. భయమైతే చెప్పు, ఒక్కణ్నే ఎత్తుకుంటానని అవతలివాడు ఎకసెక్కమాడాడు. రోషానికి పోయి శ్రీశైలం తన కొస ఎత్తాడు. వంగి దాన్ని చోట్లో పెట్టబోతుంటే అవతలి కొస వదిలేశాడు ఆ మహానుభావుడు. భీము వచ్చి శ్రీశైలం నడుం మీద పడింది.

ఆసుపత్రిలో స్కానింగు కోసం నర్సు కత్తెరతో మాల కోసింది. పరశురాములు అది చూశాడు, పక్కనే ఉన్నాడు మరి. సాయంత్రానికల్లా కార్ఖానా నడిపే ఆసామికి, పనివాళ్లకు, వాడకట్టుకు ఒకే కథ చెప్పాడు. "మాలల ఉండి తాగిండు. భీము లేపంగనే మాల దానంతట అదే తెగి కిందపడ్డది. అంజన్న ఊకుంటడా?" ఇంకేముంది, సిరిసిల్ల నమ్మింది. ముందు రోజు దాకా స్వామీ అని కాళ్లు మొక్కినవాళ్లు ఆసుపత్రి వైపు తొంగి చూడలేదు. నడుం విరగడం ఒక ఎత్తు, మాలలో తాగినవాడనిపించుకోవడం ఒక ఎత్తు. ఆ పేరుతో ఆ వీధిలో ఉండలేక ఉమారాణి మొగుణ్ని అంబులెన్సులో కోరుట్లకు, తన తల్లిగారింటికి తెచ్చుకుంది.

అదైనా ఓర్చుకున్నాడు. మూడో నెలలో ఒకరోజు ఉమారాణి అతనికి ఒళ్లు తుడుస్తూ, తలెత్తకుండా అడిగింది. "ఒక్క గుక్కేనా, ఎక్కువ తాగినవా?"

తాగలేదని చెప్పినా ఆమె నమ్మదని శ్రీశైలానికి అర్థమైంది. తిట్టినా బాగుండేది. తుడిచిన చేతులు అవే, కడిగిన చేతులు అవే, కానీ ఆ చేతుల మనిషి మూడు నెలలుగా ఆ అబద్ధాన్ని కడుపులో పెట్టుకొని తనకు సేవ చేస్తున్నది. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు. పరశురాములు మూతి మీద ఎడమకాలితో తన్నాలి, అదీ నలుగురిలో, అదీ వాడు వంగి ఉన్నప్పుడు. తన్నాక, వాడి నోటితోనే నిజం కక్కించాలి.

ఎలా తన్నాలన్నది పరశురాములే చూపించాడు. మరుసటి ఏడాది చైత్రం వచ్చేసరికి వాడు సిరిసిల్లలో తమ వాడకట్టుకు గురుస్వామి అయ్యాడు. కాషాయం కట్టుకొని, నుదుట సింధూరం పూసుకొని, పదిమందికి మాలలు వేస్తున్న ఫొటో ఉమారాణి సెల్లులోకి వచ్చింది. శ్రీశైలం పళ్లు పటపటా కొరికాడు. ఆ వాడకట్టులో ఒక ఆనవాయితీ ఉంది. కొండగట్టుకు బయలుదేరే ముందు రోజు, మాల వేసినవాళ్లకు పెట్టే భిక్ష భోజనం అయ్యాక, స్వాములంతా వరుసగా నిలబడతారు. గురుస్వామి ఒక్కొక్కరి పాదాలు రెండు చేతులా తాకి మొక్కుతాడు. మాల వేసుకున్న ప్రతివాడిలోనూ అంజన్న ఉన్నాడని దాని అర్థం. ఊరు కాని ఊరి స్వామి వచ్చి నిలబడ్డా మొక్కకుండా దాటిపోవడానికి లేదు.

ఇక చూడండి అతని లెక్క. తాను మాల వేసుకొని ఆ వరుసలో ఉండాలి. పరశురాములు వంగి పాదం తాకాలి. తాకీ తాకగానే కాలు లేచి వాడి మూతి పగలగొట్టాలి. ఎవరేమంటారు? నరాల జబ్బు అంటారు. ఇంకా మాట్లాడితే, అంజన్నే తన్నాడంటారు. అప్పటి నుంచి ఆ తన్నును శ్రీశైలం ప్రాణంలా చూసుకున్నాడు. చల్లటి స్టీలు గ్లాసు అరికాలికి తాకించి, రోజుకు ఇన్నిసార్లని కాలును తన్నించేవాడు. కత్తికి పదును పెట్టుకున్నట్టే పెట్టుకున్నాడు.

చక్రాల కుర్చీలో సిరిసిల్లకు తీసుకుపొమ్మని ఉమారాణిని అడిగాడు. ఆమె బీడీ ఆకు కత్తిరిస్తూనే జవాబిచ్చింది. "సిరిసిల్లకు పోతే నీ కాళ్లమీద పో. మోసుకపోయి ఆ మందిల నిన్ను నేను నిలవెట్ట." ఆ మాటకు ఒళ్లు మండింది గానీ, చేసేదేం లేదు. నడవాలి.

అలా జగిత్యాలలో సృజన దగ్గరికి వెళ్లాడు. ఫిజియోథెరపీ చదివిన పిల్ల, చిన్న సెంటరు పెట్టుకుంది. పైన ఇనుప చట్రం, దాని నుంచి వేలాడే పట్టాలు, కింద నడిచే పట్టీ మిషన్. పట్టాలు నడుముకు, తొడలకు కట్టి మనిషిని సగం బరువు పైకి లాగి నిలబెడుతుంది. మిగతా సగం బరువు కాళ్ల మీద పడుతుంది. పట్టీ మెల్లగా కదులుతుంటే, ఆమె కింద కూర్చొని ఒక్కో పాదాన్నీ చేత్తో పట్టుకొని అడుగు వేయిస్తుంది. రెండో కాలును ఉమారాణి పట్టుకునేది. వారానికి మూడు రోజులు కోరుట్ల నుంచి బస్సు, రోజుకు వెయ్యికి తగ్గకుండా అడుగులు.

మొదట్లో పాదం పట్టీకి తగలగానే టకటకా కొట్టుకునేది, లేకపోతే ఎగిరి సృజన చేతిని తన్నేది. శ్రీశైలం లోలోపల సంతోషపడేవాడు. సృజన చిన్న రబ్బరు సుత్తితో మోకాలి కింద కొట్టి చూసి, అరికాలు గీసి చూసి, కాలు ఎంత ఎగిరిందో నెలకోసారి రాసుకునేది. కాలులో ఎంత బలముందో చూశారా మేడం అని ఒకసారి అతనే గొప్పగా అన్నాడు.

"గది బలం కాదన్నా" అంది సృజన. "తన్నుడు అందరి వెన్నుల ఉంటది. తల దాన్ని అదుపుల పెడ్తది. నీ వెన్నుల పోగులు శాన తెగినయ్, కొన్నే మిగిలినయ్. తల మాట కిందికి సరిగ అందుతలేదు. అందుకే ఏది తాకినా కాలు తన్నుడొక్కటే నేర్చుకున్నది."

నడిపిస్తే ఏమవుతుందో కూడా ఆమే చెప్పింది. అరికాలికి నేల తగలడం, కాలి మీద బరువు పడడం, తొడ వెనక్కి సాగడం, ఇవి వేలసార్లు ఒకే వరుసలో జరుగుతుంటే వెన్ను మళ్లీ నేర్చుకుంటుందట. ఎప్పుడు ఎగరాలో, ఎప్పుడు నిలబడాలో తెలుసుకుంటుందట. కాలు గాలిలో ఉన్నప్పుడు పాదాన్ని ఏదైనా తాకితే, తట్టుకొని పడకుండా ఇంకాస్త పైకి లేస్తుంది. అదే కాలు నేల మీద బరువు మోస్తున్నప్పుడు తాకితే, కదలకుండా ఇంకా గట్టిగా నిలబడుతుంది. తాకుడు ఒకటే, జవాబులు రెండు. నీ కాలుకు ఆ రెండో జవాబు రావాలన్నా, అప్పుడే నువ్వు నడుస్తవు అంది.

శ్రీశైలానికి లెక్క అర్థమైంది. నడక వస్తే తన్ను పోతుందన్నమాట. పరశురాములు వైపు వేసే ఒక్కో అడుగూ, వాడి కోసం దాచుకున్నదాన్ని తీసుకుపోతున్నది. ఇదెక్కడి న్యాయమని ఆ పిల్ల మీద, మిషన్ మీద, కొండగట్టు మీద కూడా కోపం వచ్చింది.

నాలుగో నెలకు టకటక తగ్గింది. అది చూసి ముత్తమ్మ గుండెలు బాదుకుంది. వచ్చిన పానం మళ్లీ పోతున్నదని, ఆ పోరి ఇనుప కొక్కేలకు వేలాడదీసి కాలును చంపుతున్నదని, ఇక జగిత్యాల పోవద్దని అడ్డం కూర్చుంది. అత్త తెలియక అన్నది. అల్లుడికి తెలుసు, తెలిసీ అత్త మాటే నిజమన్నట్టు తలాడించాడు. మూడు వారాలు మానేశాడు. మూడు వారాలూ స్టీలు గ్లాసు అరికాలికి తాకిస్తూనే ఉన్నాడు. తన్ను మళ్లీ మొదటిలా వచ్చింది. ముత్తమ్మ కొబ్బరికాయ కొట్టింది.

నాలుగో వారం బాత్రూంలో వాకర్ పట్టుకొని నిలబడ్డాడు. బకెట్టు నుంచి చల్లటి నీళ్లు తొణికి అరికాలి కిందికి పారాయి. అంతే, కాలు ఎగిరింది. వాకర్ అటు, శ్రీశైలం ఇటు. కనుబొమ్మ గోడ అంచుకు తగిలి చీలింది, నాలుగు కుట్లు పడ్డాయి. కింద పడి, రక్తం కంట్లోకి కారుతుంటే, ఆ కాలు ఇంకా తంతూనే ఉంది. గోడను తన్నింది, బకెట్టును తన్నింది, లేపడానికి వచ్చిన ఉమారాణిని తన్నింది. దానికి పరశురాములూ ఒకటే, పెళ్లామూ ఒకటే. శ్రీశైలం ఆ కాలును చేత్తో కొట్టుకున్నాడు. ఇన్నాళ్లు తన పగ దాచిపెట్టుకున్నది ఇంత తెలివిలేని దానిలోనా అని సిగ్గేసింది.

మర్నాడు స్టీలు గ్లాసు ముత్తమ్మకు ఇచ్చేసి, జగిత్యాల బస్సెక్కాడు. సృజనకు ఉన్నదున్నట్టు చెప్పాడు, ఎవరిని తన్నాలనుకున్నాడో కూడా. ఆమె సుత్తి పక్కన పెట్టింది. పగ సంగతి నాకు తెల్వదు, నడక సంగతి చెప్పమంటే చెప్తనంది. పట్టాలు కట్టింది.

ఆ తర్వాత అతను నడిచిన నడక ప్రేమతో నడిచింది కాదు, భక్తితో అసలే కాదు. ఎడమ అడుగుకు వాడి పేరు, కుడి అడుగుకు వాడికో తిట్టు. ఒళ్లంతా చెమట కారి కాషాయం రంగు పట్టా నల్లబడేది. సగం బరువు పావు బరువైంది, పావు పోయి పట్టాలే ఊడాయి. వాకర్ పోయి రెండు కర్రలయ్యాయి, రెండు పోయి ఒకటైంది. ఎనిమిదో నెలలో అతను నడుస్తుండగానే సృజన సన్నటి కర్రతో పాదం మీద తాకి చూసింది. గాలిలో ఉన్నప్పుడు కాలు కాస్త పైకి లేచింది. నేల మీద ఉన్నప్పుడు తాకితే అక్కడే పాతుకొని నిలబడింది. ఆమె నవ్వింది. అతను నవ్వలేదు. ఇక తన్ను లేదని అతనికి అర్థమైంది. ఏదో ఒక మూల కొంచెమైనా మిగిలి ఉండకపోతుందా అని మాత్రం ఆశ ఉండింది.

దెబ్బ తగిలిన రెండేళ్లకు, మళ్లీ చైత్రంలో, కోరుట్లలోనే పదకొండు రోజుల మాల వేసుకున్నాడు. పగ తీర్చుకోవడానికి దేవుణ్ని అడ్డం పెట్టుకోవడం తప్పే. అది మనం చెప్పక్కర్లేదు, అతనికీ తెలుసు. తెలిసే వేసుకున్నాడు. పదో రోజు ఉమారాణితో సిరిసిల్ల బస్సు దిగి, వట్టి కాళ్లతో, ఒక చేతికర్రతో ఆ వాడకట్టులోకి నడిచాడు. కార్ఖానాల్లో సాంచాలు మోగుతున్నాయి. అరుగుల మీద నూలు కండెలు చుడుతున్న ఆడవాళ్ల చేతులు అతణ్ని చూసి ఆగిపోయాయి. పలకరించిన వాళ్లు లేరు.

భిక్ష అయ్యింది. ముప్పైమంది స్వాములు వరుసగా నిలబడ్డారు. చివరన శ్రీశైలం. పరశురాములు అతణ్ని చూడగానే మొహంలో నెత్తురు లేకుండా పోయింది. కానీ చుట్టూ జనం, మెడలో గురుస్వామి మాల. ఒక్కొక్కరికీ మొక్కుకుంటూ వచ్చాడు. శ్రీశైలం ముందు వంగాడు. కుడి పాదం తాకాడు. ఎడమ పాదం మీద రెండు చేతులూ పెట్టాడు.

శ్రీశైలం తన్ను కోసం చూశాడు. ఏమీ జరగలేదు. కాలు కదలలేదు. వేళ్లు నేలను పట్టుకొని, మడమ ఆని, పాదం బండలా నిలబడింది. రెండేళ్ల ఒట్టు అక్కడే పోయిందనిపించి అతనికి ఏడుపొచ్చినంత పనైంది. కింద నుంచి పరశురాములు, అతనికొక్కడికే వినపడేలా, నెమ్మదిగా అన్నాడు. "కాలుకు సోయి లేనట్టుంది, తమ్మీ."

అప్పుడు శ్రీశైలం కర్ర మీద బరువు వేసి, ఎడమకాలు బెత్తెడు ఎత్తాడు. నేల మీదికి జారిన పరశురాములు చేతి నాలుగు వేళ్ల మీద దాన్ని దించాడు. సృజన నేర్పినట్టే, మడమ ముందు, వేళ్లు తర్వాత. తర్వాత ఒంటి బరువంతా ఆ కాలి మీదికి తెచ్చాడు. కింద వేళ్లు గిలగిలా కొట్టుకున్నాయి. ఏడాది క్రితమైతే ఆ కదలికకు కాలు ఎగిరి పడేది. ఇప్పుడు తాకిన కొద్దీ ఇంకా గట్టిగా నిలబడుతున్నది.

"కాలు తియ్యి" అన్నాడు పరశురాములు.

"తియ్యరాదు స్వామీ. నరాల జబ్బు."

చూసేవాళ్లకు గురుస్వామి చాలాసేపు మొక్కుతున్నట్టే ఉంది. ఒకరిద్దరు చేతులు కూడా జోడించారు. శ్రీశైలం కొంచెం వంగాడు. "ఆ దినం ఎవలు తాగిండ్రో చెప్పు. అందరికి ఇనవడాలె. చెప్తె తీస్త."

పరశురాములు కళ్లెత్తి చూశాడు. తెగిన నూలు పోగుకు ముడి వేసి బతికే చెయ్యి అది, ఆ వేళ్లు పోతే సాంచ మీద పనికిరాడు. ఆ సంగతి శ్రీశైలానికి తెలుసు, తనకు తెలుసని వాడికీ తెలుసు. ఇంకొంచెం బరువు పడింది. "నేనే తాగిన" అన్నాడు. "గట్టిగ" అన్నాడు శ్రీశైలం. "నేనే తాగిన. శ్రీశైలం తాగలే. మాల తెగలే, ఆసుపత్రిల కోసిండ్రు" అని వాడు అరిచాడు. వరుసలో ఒక్కరూ కదల్లేదు. సాంచాలు మాత్రం మోగుతూనే ఉన్నాయి.

శ్రీశైలం కాలు తీశాడు. నల్లబడ్డ వేళ్లను ఒళ్లో పెట్టుకొని పరశురాములు మట్టిలో కూర్చుండిపోయాడు. ఎవరో పెద్దాయన, నిజం బయటపడ్డది కదా, ఇక గొడవెందుకన్నట్టు, పాపం కాలు తెలవక పడ్డది, నరాల జబ్బు, కావాలని కాదు అన్నాడు. ఆ మాట కోసమే కదా శ్రీశైలం ఇన్నాళ్లు చూసింది.

"జబ్బు కాదు" అన్నాడు. "నేనే తొక్కిన." మెడలో మాల తనే తీసి, మడిచి కండువాలో కట్టుకున్నాడు. దోషం తనదేనని, కొండకు తర్వాత ఒక్కడే పోయి మొక్కుకుంటానని చెప్పి, కర్ర తీసుకొని నడిచాడు.

కోరుట్ల బస్సులో ఉమారాణి అతని పక్కన కూర్చుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. వేములవాడ దాటాక, రెండేళ్లుగా అలవాటైనట్టే, కిందికి వంగి అతని ఎడమ పాదాన్ని తన ఒళ్లోకి తీసుకోబోయింది. ఆమె వేళ్లు పాదానికి తగిలాయి.

"వాడు చెప్తెగాని నీకు నమ్మకం కుదరలే" అన్నాడు శ్రీశైలం, కిటికీ వైపు చూస్తూ.

పాదం నెమ్మదిగా వెనక్కి, సీటు కిందికి జరిగింది. అది జబ్బు కాదని ఇద్దరికీ తెలుసు.